కాలువ నీళ్ల సత్తువ

నా చిన్నప్పుడు, కాలువ నీళ్లు మా ఊరి పొలిమేర దాకా వచ్చి ఆగిపోయిన ఏడాది, మా ఇంట్లో ఒక్కరికీ కుదురు లేదు. మా నాయన అన్నం సగంలో వదిలి చేతులు కడుక్కొని బయటికి పోయేవాడు. మా అమ్మ తోమిన గిన్నెనే మళ్లీ తోమేది. ఇక నా సంగతి చెప్పనక్కరలేదు, మామూలు రోజుల్లోనే నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు. ఇంటిల్లిపాదిలో నెమ్మదిగా ఉన్నది ఒక్క మా అవ్వ. మా అందరి నెమ్మదీ పోవడానికి కారణం కూడా ఆమే.

మా ఊరు ఎమ్మిగనూరుకు రెండు మైళ్లు. అంతా నల్లరేగడి. వాన పడితే జొన్న, కొర్ర, పత్తి. పడకపోతే కూలికి పోవడం. తుంగభద్రకు ఆనకట్ట కట్టి, బళ్లారి మీదుగా, ఆదోని మీదుగా మా వైపుకు కాలువ తవ్వుతున్నారని చాలా ఏళ్లు వింటూ వచ్చాం. ఎట్టకేలకు మైలు దూరంలో పెద్దకాలువ పారింది. ఊరు ఊరంతా తిరనాళ్లకు పోయినట్టు పోయి చూసి వచ్చింది. ఆ నీళ్లు చేలలోకి రావాలంటే పిల్లకాలువ తవ్వాలి. ఆ పిల్లకాలువకు మా చేనే దారి. ఒక పక్క గుట్ట, ఇంకో పక్క వంక ఉండడంతో వేరే దారి లేదు. మా తాత పోయినాక చేను మా అవ్వ పేరు మీదికి వచ్చింది. కరణం దగ్గరున్న కాగితం మీద ఆమె వేలిముద్ర వేస్తే తవ్వకం మొదలవుతుంది. వెయ్యకపోతే నీళ్లు మా గట్టు దగ్గరే ఆగిపోతాయి. దిగువనున్న చేలకు కూడా ఉండవు. రెండు నెలల్లో ఏ సంగతీ తేల్చి చెప్పమన్నాడు కరణం.

మా అవ్వ వెయ్యనంది.

ఎందుకంటే ఎవరో ఆనకట్ట దాకా పోయి వచ్చి, అక్కడ నీళ్లలోంచి ముందు కరెంటు తీసుకొని, ఆ తర్వాతే కాలువకు వదులుతారని చెప్పారు. ఆ మాట మా అవ్వ మనసులో పాతుకుపోయింది. మా నాయన ఎంత బతిమాలినా ఒకటే జవాబు.

"పెరుగులోంచి వెన్న తీసినాక మిగిలేది మజ్జిగే కదప్పా. నీళ్లలో సత్తువంతా ఆడ తీసుకొని, ఈడ మనకు మజ్జిగ పోస్తామంటాండారు. మజ్జిగ పోసి పైరు పండిస్తావా?"

ఈ అనుమానం మా అవ్వ ఒక్కదానిదే కాదు. ఊళ్లో ముసలివాళ్లు చాలామంది లోలోపల అదే అనుకునేవారు. కాకపోతే వాళ్ల వేలిముద్రతో పని లేదు కాబట్టి వాళ్ల భయం వాళ్ల దగ్గరే ఉండిపోయింది.

మాకు దిగువన పక్కింటి అక్క వాళ్ల చేను. అక్క, ఆమె భర్త ఇద్దరూ కూలికి పోయేవాళ్లు. ఏళ్ల తరబడి కడుపు కట్టుకొని రెండెకరాలు సంపాదించుకున్నారు. ఒక ఆదివారం ప్రార్థన ముగించుకొని వస్తూ, తెల్లచీర కొంగు తలమీంచి తీయకుండానే మా ఇంటికి వచ్చి మా అవ్వ కాళ్ల దగ్గర కూర్చుంది. "అవ్వా, నీ వేలి మీద మా బతుకుండాది" అంది. మా అవ్వ ఆమె తల నిమిరింది. మజ్జిగ ఇచ్చింది. వేలిముద్ర మాట మాత్రం ఎత్తలేదు. ఆ రోజు నుంచి అక్క మా గడప తొక్కలేదు. బావి దగ్గర కనపడినా మొహం తిప్పుకొనేది. ఆమె చంకనెక్కి పెరిగిన దాన్ని నేను. ఆమె బావి దగ్గర ఉందంటే బిందె నింపకుండానే వెనక్కి వచ్చేసేదాన్ని.

అప్పుడు నేను ఎమ్మిగనూరు బడిలో నాలుగో ఫారం, అంటే ఇప్పటి తొమ్మిదో తరగతి. తరగతిలో ఆడపిల్లలం ముగ్గురమే. మా సైన్సు అయ్యవారు ఆదోని మనిషి. వాళ్ల ఇంట్లో అందరిదీ పత్తి వ్యాపారం. ఈయన ఒక్కరే సుద్దముక్క పట్టుకున్నారు. ఎమ్మిగనూరులో చిన్న గది తీసుకొని ఉండేవారు. మాట మెల్లగా ఉండేది గానీ చేతులు మాత్రం ఎప్పుడూ ఏదో ఒకటి విప్పుతూ బిగిస్తూ ఉండేవి.

ఆ వారం అయస్కాంతాల పాఠం జరుగుతోంది. మొదటి రోజు అట్టమీద ఇనుపరజను చల్లి, కింద అయస్కాంతం పెట్టి వేలితో తట్టారు. రజనంతా చీమలబారుల్లాగా వంకీలు తిరిగి నిలబడింది. అయస్కాంతం చుట్టూ కంటికి కనపడని క్షేత్రం ఒకటి ఉంటుందని, ఈ వంకీలు దాని జాడలని చెప్పారు. మరుసటి రోజు రాగితీగ చుట్ట ఒకటి తెచ్చి, దాని రెండు కొసలను గాల్వనోమీటరుకు తగిలించారు. అదొక చిన్న పెట్టె. అద్దం కింద సన్నటి ముల్లు ఉంటుంది, తీగలో కరెంటు పారితే ఆ ముల్లు కదులుతుంది. బ్యాటరీ ఏదీ పెట్టలేదు. ఒట్టి అయస్కాంతాన్ని చుట్టలోకి దూర్చారు. ముల్లు ఒక పక్కకు ఉలిక్కిపడింది. అయస్కాంతాన్ని లోపలే కదలకుండా ఉంచితే ముల్లు సున్న దగ్గరికి వచ్చి ఊరకుంది. బయటికి లాగితే రెండో పక్కకు ఉలిక్కిపడింది. నేను బెంచీ మీద నిలబడి చూశాను. ఎవరూ కూర్చోమని అనలేదు.

"తుంగభద్ర దగ్గర జరిగేదీ ఇదే. నీళ్లు పైనుంచి పడి చక్రాన్ని తిప్పుతాయి. చక్రం అయస్కాంతాన్ని తిప్పుతుంది. దాని చుట్టూ ఉన్న తీగల్లో కరెంటు పుడుతుంది" అన్నారు అయ్యవారు.

నేను బెంచీ మీది నుంచే మా అవ్వ చెప్పిన మజ్జిగ మాట చెప్పాను. తరగతంతా గొల్లుమంది. అయ్యవారు కూడా కొంచెం నవ్వారు. "నీళ్లకు పోయేదేమీ లేదమ్మా. చక్రాన్ని తిప్పి తమ దారిన తాము పోతాయి, అంతే. మీ అవ్వకు అట్లని చెప్పు" అన్నారు.

ఆ రెండు మైళ్లూ నేను నడవలేదు, పరిగెత్తాను. పుస్తకాల సంచి వీపు మీద ఎగిరెగిరి పడుతోంది. ఇంటికి చేరేసరికి మా అవ్వ వసారాలో విసుర్రాయి ముందు కూర్చొని జొన్నలు విసురుతోంది. రొప్పుతూ అంతా చెప్పాను. ఆమె రాయి ఆపకుండానే విని, "నువ్వు సూసినావా ఆనకట్ట?" అని అడిగింది. లేదన్నాను. "మీ అయివారు సూసినాడా?" తెలియదన్నాను. "అట్లయితే ఇద్దరూ ఇన్నదే సెప్తాండారు" అని ఇంకో పిడికెడు జొన్నలు రాయిలో పోసింది.

నాకు ఏడుపు వచ్చింది. సోమవారం బడిలో అయ్యవారి దగ్గర అదే ఏడుపు ఏడ్చాను. ఆయన, వచ్చే ఆదివారం తానే మా ఊరికి వస్తానన్నారు.

అన్నట్టే వచ్చారు. సైకిలు వెనక తువ్వాలులో చుట్టి కట్టిన మూట ఒకటి ఉంది. విప్పితే లోపల బడిలోని చేతి డైనమో. ఒక చెక్కపీట మీద గుర్రపునాడా ఆకారపు పెద్ద అయస్కాంతం, దాని నడుమ తిరిగే తీగచుట్ట, తిప్పడానికి పిడి, పక్కన చిన్న బల్బు. పెద్ద యంత్రాల్లో అయస్కాంతం తిరుగుతుందని, ఇందులో చుట్ట తిరుగుతుందని, ఏది తిరిగినా పుట్టేది ఒకటేనని చెప్పారు. ఊళ్లో వాళ్లు పది మంది పోగయ్యారు. పక్కింటి అక్క రాలేదు గానీ వాళ్ల గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"అవ్వా, నువ్వే తిప్పు" అన్నారు అయ్యవారు.

మా అవ్వ కొంగు దోపుకొని కూర్చుంది. విసుర్రాయి పిడి పట్టుకున్నట్టే పట్టుకొని తిప్పింది. బల్బు ఎర్రగా వెలిగి, తర్వాత పచ్చగా, తర్వాత తెల్లగా అయ్యింది. చుట్టూ ఉన్నవాళ్లు అబ్బ అన్నారు. నేను గంతులేశాను. "చూసినావా అవ్వా? ఈడ నీళ్లు లేవు, ఏమీ లేవు. ఎవరి సత్తువా పోలేదు!"

మా అవ్వ నా మాట పట్టించుకోలేదు. తిప్పడం ఆపి పిడి వైపే చూస్తోంది. కాసేపటికి, "అయివారూ, ఆ బుడ్డికి పొయ్యే తీగె తీసేయప్పా" అంది. ఆయన బల్బు తీగ ఊడదీశారు. అవ్వ మళ్లీ తిప్పింది. తగిలించమంది. తిప్పింది. మళ్లీ తీయమంది.

"తీగె తీస్తే ఖాళీ రాయి తిప్పినట్లుండాది. తగిలిస్తే గింజలేసి తిప్పినట్లుండాది" అంది.

అయ్యవారి మొహంలో నవ్వు ఆగిపోయింది. "నిజంగానా అవ్వా?"

"నేను గోడ పక్కకు తిరుక్కుంటా. నాకు సెప్పకుండా నువ్వు తీగె తీస్తావో, పెడతావో నీ ఇష్టం. నేను సెప్తా."

అలాగే చేశారు. అవ్వ గోడ వైపు మొహం పెట్టుకొని, చెయ్యి మాత్రం పక్కకు చాపి పిడి తిప్పుతోంది. అయ్యవారు తువ్వాలు అడ్డం పట్టుకొని ఒకసారి తీగ పెడుతున్నారు, ఒకసారి తీస్తున్నారు. "గింజలు" అంది అవ్వ. "గింజలు. ఖాళీ. గింజలు. ఖాళీ. ఖాళీ." పది సార్లు. ఒక్కసారి కూడా తప్పలేదు.

అవ్వ ఇటు తిరిగి, అరచెయ్యి చూసుకుంటూ చెప్పింది. "ఆ బుడ్డి వెలిగేటప్పుడు నా సేతిలోంచి ఏదో పోతాండాది. ఊరికే వెలగడం లేదు. నా సెయ్యి కాబట్టి నాకు తెలుస్తాండాది. నీళ్లకు నోరు లేదు."

అయ్యవారు ఏదో ఒకటి చెప్పి గెలుస్తారని ఆయన వైపు చూశాను. ఆయన పీట మీద కూర్చుండిపోయి తామే పిడి తిప్పారు. తీగ తీసి ఒకసారి, పెట్టి ఒకసారి. కళ్లు మూసుకొని తిప్పారు. అంతమంది ముందు ఒక అయ్యవారు అలా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. నాకు సిగ్గేసింది, ఆయన మీద కోపం కూడా వచ్చింది.

"అవ్వా, నేను పిల్లలకు తప్పు చెప్పినాను" అన్నారు చివరికి. "ఏమీ పోదని చెప్పినాను. పోతుంది. తీగలో కరెంటు పుట్టగానే అదే ఎదురు తిరిగి, తిప్పేవాళ్ల చేతిని వెనక్కి తోస్తుంది. పుస్తకంలో ఉంది. నేనూ చదివినాను. చేత్తో ఎప్పుడూ చూసుకోలేదు."

"అయితే నీళ్లలోంచి సత్తువ తీసుకుంటారన్న మాట నిజమేనా?" అంది అవ్వ.

"తీసుకునేది నిజం. ఏం తీసుకుంటారన్నది చూడాల. మీ మిద్దె మీది నుంచి చెంబుడు నీళ్లు కుమ్మరిస్తే, కింద అరచెయ్యి పెడితే చురుక్కుమంటుంది కదా. ఆ దెబ్బ తీసుకుంటారు. దెబ్బ పోయినాక కూడా చెంబుడు నీళ్లు చెంబుడు నీళ్లే. పైరు తాగేది నీళ్లను, దెబ్బను కాదు."

మా అవ్వ ఈ మాటను చాలాసేపు నమిలింది. బాగుందన్నట్టు తల కూడా ఊపింది. తర్వాత, "దెబ్బ ఒక్కటే పోతుందని నువ్వంటాండావు. దాంతోపాటు ఇంకేమన్నా పోయిందేమో ఎవురు సూసినారు? మాటతో కాదప్పా, మొలకతో సూడల్ల" అంది.

ఆ మొలక పరీక్ష ఎలా చేయాలో వాళ్లిద్దరూ కూర్చొని మాట్లాడుకున్నారు. నేను పక్కన నిలబడి విన్నాను. రెండు పాత కుండలు, రెండింట్లోనూ మా చేని మన్నే. ఒకే గంపలోని జొన్నలు, కుండకు అయిదు గింజలు. రెండూ ఒకే ఎండలో ఉండాలి. రోజూ ఒకదానికి చెంబుడు బావి నీళ్లు, ఇంకోదానికి చెంబుడు కాలువ నీళ్లు. అంతకు మించి ఏమీ వెయ్యకూడదు. మూడు వారాల తర్వాత, కరణం పెట్టిన గడువుకు ముందు ఆదివారం, అందరూ చూసి తేల్చాలి. కాలువకు పోయి నీళ్లు తెచ్చే పని నేను తీసుకున్నాను. మా అవ్వ నా వైపు ఒక చూపు చూసింది. అప్పుడు ఆ చూపు అర్థం కాలేదు.

ఆ మూడు వారాలు నేను పడిన ఆత్రం చెప్పలేను. పొద్దున్నే లేచి బిందె పట్టుకొని కాలువకు పోయి, వచ్చి, కుండలకు నీళ్లు పోసి బడికి పరిగెత్తేదాన్ని. బడిలో పాఠం చెవికెక్కేది కాదు. నాలుగో రోజున బావి నీళ్ల కుండలో మూడు మొలకలు పొడిచాయి. కాలువ నీళ్ల కుండలో ఒకటే. కాలువ కుండలోని గింజ ఒకదాన్ని పుల్లతో తవ్వి చూశాను. తెల్లటి కొస బయటికి వచ్చి ఉంది. మళ్లీ పూడ్చాను. సాయంత్రం మళ్లీ తవ్వాను. అది ఇక మొలవలేదు. నేనే చంపాను. ఎవరికీ చెప్పకుండా గంపలోంచి ఇంకో గింజ తెచ్చి అక్కడ పెట్టాను. మొదటి తప్పు అది. చాలా చిన్నదిగా కనిపించింది.

తర్వాత వారం కూడా కాలువ కుండ కాస్త వెనకబడే ఉంది. బావి దగ్గర పక్కింటి అక్క నాకు ఎదురైంది. మాట్లాడి చాలా రోజులైంది. ఆమే ఆగి, "ఎట్లుండాయి పాపా మొలకలు?" అని అడిగింది. నేను "బాగుండాయక్కా, కాలువదే బాగుండాది" అన్నాను. ఆమె మొహం ఒక్కసారిగా విచ్చుకుంది. నా గడ్డం పట్టుకొని ముద్దు పెట్టుకుంది.

ఆ మాట అన్నాక దాన్ని నిజం చేయక తప్పలేదు. ఆ సాయంత్రమే మేకల దొడ్లోంచి రెండు గుప్పిళ్ల పెంటికలు తెచ్చి, నలిపి, నీళ్లలో కలిపి కాలువ కుండలో పోశాను. రెండు రోజులకోసారి అలాగే చేశాను. నేను చేస్తున్నది మోసం అనుకోలేదు. నిజానికి నీళ్లలో లోపం లేదని నాకు తెలుసు, అయ్యవారు చెప్పారు. తెలిసిన నిజానికి కాస్త చెయ్యి సాయం చేస్తున్నానంతే అనుకున్నాను. అయినా ప్రతిసారీ అటూ ఇటూ చూసి పోసేదాన్ని. మా అవ్వ అడుగుల చప్పుడైతే ఉలిక్కిపడేదాన్ని. అన్నం సహించేది కాదు. చివరి వారంలో కాలువ కుండ పైరు ముదురాకుపచ్చగా, రెండోదానికంటే జానెడు ఎత్తుగా ఎదిగింది. చూసినకొద్దీ సంతోషం వేయాల్సింది పోయి భయం వేసేది.

ఆదివారం వచ్చింది. అయ్యవారు వచ్చారు. మా నాయన, ఊళ్లో వాళ్లు కొందరు, పక్కింటి అక్క, ఆమె భర్త అందరూ వచ్చారు. నేను రెండు కుండలనూ వసారాలోకి తెచ్చి పెట్టాను. "పెద్దది కాలువ నీళ్లది" అన్నాను. అక్క రెండు చేతులూ జోడించి కళ్లకద్దుకుంది. మా నాయన ఎన్నాళ్లకో నవ్వాడు.

మా అవ్వ మాత్రం కుండ దగ్గర గొంతుక్కూర్చుంది. ఒక వేలితో మట్టిని కొంచెం గీరింది. నలగకుండా మిగిలిన పెంటిక ముక్క ఒకటి వేలికి తగిలింది. దాన్ని రెండు వేళ్ల మధ్య నలిపి వాసన చూసింది. తలెత్తి అయ్యవారి వైపు చూసింది. ఆయనా చూశారు.

"అమ్మా, రెండింటికీ నీళ్లు తప్ప ఇంకేమీ పోయలేదు కదా?" అని అడిగారు అయ్యవారు, ఎప్పటిలాగే మెల్లగా.

"లేదు సార్" అన్నాను.

ఇప్పుడు అందరి ముందూ అవ్వ నోరు తెరుస్తుంది, నా బతుకు అయిపోయింది అనుకున్నాను. అవ్వ చేతికంటిన మట్టిని కొంగుకు తుడుచుకొని లేచింది.

"దీన్ని ఇడిసిపెట్టండప్పా. దీనికి మా పాప ముద్దు ఎక్కువ సేసినట్లుండాది. నేను ఇంకో జత పెట్టినా. అది సూసి సెప్పండి. రాండి మిద్దె మీదికి" అంది.

అందరం నిచ్చెన ఎక్కాం. మిద్దె మీద ఎండుమిరపకాయలు ఆరబోసిన మూల, పిట్టగోడ చాటున, అలాంటివే రెండు కుండలున్నాయి. ఒకదానికి సున్నపు బొట్టు, ఇంకోదానికి పసుపు బొట్టు. మూడు వారాలుగా మా అవ్వ తెల్లవారుజామున చేనికని బయలుదేరి, కాలువ దాకా నడిచి, చిన్న ముంతలో నీళ్లు తెచ్చుకునేదట. సున్నం బొట్టు బావిది, పసుపు బొట్టు కాలువది. రెండింట్లోనూ పైరు ఒక్క ఎత్తే. ఒక్క రంగే. అయ్యవారు పుల్ల విరిచి ప్రతి మొక్కనూ కొలిచారు. ఒకటి రెండు వేళ్ల తేడా అటూ ఇటూ ఉంది. ఒక కుండలో పొడుగు మొక్క ఉంటే, ఇంకో కుండలోనూ ఒక పొడుగు మొక్క ఉంది.

"సమానం" అన్నారు అయ్యవారు.

"సమానమే" అంది మా అవ్వ. "నీళ్లలో లోపం లేదు. రేపు కరణాన్ని రమ్మనండి. ఏస్తా ఏలిముద్ర."

పక్కింటి అక్క అక్కడే మిద్దె మీద కూలబడి ఏడ్చింది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు కళ్లు తుడుచుకొని, "మరి కిందిదెందుకు అంత పెద్దగైంది అవ్వా?" అని అడిగింది. "సెప్పినా కదే, ముద్దెక్కువైంది" అని మా అవ్వ ఆమెను నిచ్చెన వైపు నడిపించింది. ఊళ్లో ఎవరికీ అసలు సంగతి ఈనాటికీ తెలియదు.

అందరూ పోయినాక నేను మిద్దె మీదే ఒక మూల కూర్చున్నాను. మా అవ్వ మిరపకాయలు తిరగేస్తూ నా దగ్గరికి వచ్చింది. నేను అడగకుండానే అంతా చెప్పేశాను. తవ్విన గింజ సంగతి, అక్కకు చెప్పిన అబద్ధం, పెంటికలు. కొడుతుందేమో అనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది.

"నీ మొలక నీ కోసం పెట్టింది కాదు పాపా, నేను నిజం సూసుకోనీకి పెట్టింది" అంది. తర్వాత ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్పింది. మా నాయన చంటిపిల్లవాడుగా ఉన్నప్పుడు, ఎవరో ఒకాయన ఎడ్లబండిలో కొత్తరకం జొన్న విత్తనం తెచ్చాడట. కోడుమూరు దగ్గర తన చేలో వేసి చూపించాడట. మనిషెత్తు పైరు, మోచేతంత కంకి. మా తాత నమ్మి చేనంతా అదే వేశాడు. మా నేలకు అది పనికిరాలేదు. కంకి పట్టకుండానే ఎండిపోయింది. ఆ ఏడు చింతగింజలు దంచుకొని తిన్నారట. చాన్నాళ్ల తర్వాత తెలిసిందట, ఆయన చూపించిన చేలో చెరువు మన్ను, ఎరువు బండ్లకొద్దీ తోలించాడని.

"ఆయప్ప సెడ్డోడు కాదు. తన విత్తనం మంచిదని నిజంగానే నమ్మినాడు. నమ్మినాడు కాబట్టే కొంచెం సాయం సేసినాడు. నువ్వు సేసినట్లే." అవ్వ మిరపకాయల మీంచి చెయ్యి తీసి నా తల మీద పెట్టింది. "ఈ పసుపు బొట్టు కుండ ఎండిపోయిండి, నేను నీ కుండను సూసి ఏలిముద్ర ఏసింటే? నువ్వు ముద్దుపెట్టించుకున్నావే, ఆ అక్క బిడ్డలు ఏం తిందురు?"

నేను లేచి ఆమెతోపాటు మిరపకాయలు తిరగేశాను.

మరుసటి రోజు బడిలో అయ్యవారు నన్ను ఏమీ అనలేదు. పాఠం మొదలుపెట్టే ముందు, నీళ్లకు పోయేదేమీ లేదని తాను చెప్పిన మాటను కొట్టివేసుకోమని మాత్రం తరగతికంతా చెప్పారు. ఒక ముసలావిడ చేతితో కనిపెట్టి తనను దిద్దిందని చెప్పారు. ఆ రోజు నవ్విన పిల్లలెవరూ ఇప్పుడు నవ్వలేదు. డైనమో పిడిని వరసగా ఒక్కొక్కరి చేత తిప్పించారు. తీగ పెట్టి ఒకసారి, తీసి ఒకసారి. నా వంతు వచ్చినప్పుడు కళ్లు మూసుకొని తిప్పాను. మొదట తేడా తెలియలేదు. తెలిసింది అని చెప్పబోయి ఆగిపోయాను. "తెలియలేదు సార్" అన్నాను. "ఇంకోసారి తిప్పు" అన్నారు. మెల్లగా తిప్పాను. అప్పుడు తెలిసింది. ఎవరో అవతలి నుంచి పిడిని పట్టుకొని వద్దు వద్దని వెనక్కి లాగుతున్నట్టు.

పిల్లకాలువ తవ్వడం పూర్తై, మా చేని మీదుగా అక్క వాళ్ల చేనికి నీళ్లు పారిన రోజున అక్క మా ఇంటికి వచ్చి నా జడ వేసింది. నేను ఆమె మొహంలోకి సూటిగా చూడలేకపోయాను. నీళ్లు మంచివే కాబట్టి నా అబద్ధం ఎవరినీ ముంచలేదు. కానీ అది నా మంచితనం కాదు.

తర్వాత నేను నర్సు చదువు చదివాను. ఆదోనిలో ఆస్పత్రి వార్డుల్లో ముప్పై ఏళ్లకు పైగా పని చేశాను. జ్వరం వచ్చిన బిడ్డ నోట్లో థర్మామీటరు పెట్టినప్పుడల్లా ఆ బిడ్డ తల్లి నా మొహమే చూస్తూ ఉంటుంది. జ్వరం తగ్గాలని ఆమెకెంత ఆశో నాకూ అంతే ఆశ. పాదరసం ఆ ఆశ దగ్గరే ఆగినట్టు కనిపించేది చాలాసార్లు. తగ్గిందమ్మా అనడానికి నోరు తెరిచి, మూసుకొని, థర్మామీటరును విదిలించి మళ్లీ పెట్టేదాన్ని. ఆ రెండో నిమిషం గడవడం చాలా కష్టం. తల్లి కంగారుపడుతుంది, నా కాళ్లూ నిలవవు. అయినా ఉండేదాన్ని. కోరుకున్న దానికి విరుద్ధంగా కనిపిస్తే ఎవరైనా రెండోసారి చూస్తారు. కోరుకున్నదే కనిపించినప్పుడు రెండోసారి చూడడం మాత్రం నేను మా మిద్దె మీద, మిరపకాయల ఘాటులో, తలవంచుకొని నేర్చుకున్నాను.